రోడ్డుకు అవతలి పాపుగారు

అసర్ నమాజు అయిపోయింది. మసీదు మెట్ల దగ్గరి చెప్పులు ఎవరివి వాళ్ళు తొడుక్కుని వెళ్ళిపోయారు. గురవమ్మ మాత్రం రాలేదు. వస్తే రానీ, రాకపోతే మానీ, నాకేం పోయింది అనుకుంది ఇన్నాసమ్మ. అలా అనుకుంటూనే రోడ్డుకు అవతలున్న బస్సు షెల్టరు వైపు మళ్ళీ తల తిప్పింది. ఒమాన్‌లో, బౌషర్ అనే పేటలో, రషీద్ కాఫీ షాపు బయట ఇనప కుర్చీలో కూర్చుని ఉంది తను. ఒళ్ళో తువ్వాలు చుట్టిన మరియమాత స్వరూపం, చిన్న బొమ్మ, ఉంది. చాయ్ గ్లాసు మీద మీగడ కట్టింది. నాలుగింటికి షెల్టరు దగ్గరికి వస్తానని గురవమ్మ ఇద్దరికీ కావాల్సిన మల్లీశ్వరితో కబురు పంపింది. ఇది మూడోసారి. రెండుసార్లు ఇదే రోడ్డు దగ్గర ఇద్దరూ కలవకుండా వెళ్ళిపోయారు. ఈసారీ తప్పితే ఇంకో శుక్రవారం లేదు, ఆదివారం గురవమ్మ విమానం ఎక్కి కడపకు వెళ్ళిపోతోంది, మళ్ళీ రాదట. ఎందుకు పంపిస్తున్నారో మల్లీశ్వరికీ తెలియదు. రాకపోతేనే మేలు కదా అని ఇన్నాసమ్మ మనసులో ఒక మూల నుంచి ఎవరో గుసగుసలాడారు. రెండు రోజులు గమ్మున కూర్చుంటే చాలు, ఎదురు పీఠం దానంతటదే ఖాళీ అవుతుంది. ఆ పాతకాలపు పోపు, పాపు లూనా కూడా అంతే కదా, ఎదుటివాళ్ళు ఒక్కొక్కరే చచ్చిపోతుంటే తను మాత్రం చావకుండా కూర్చున్నాడు. గుసగుసలాడిన ఆ మనిషి గొంతు అచ్చం తన గొంతులాగే ఉండటం ఇన్నాసమ్మకు నచ్చలేదు.

పాపు లూనా సంగతి పెద్దసారు చెప్పాడు. అల్ ఖౌద్‌లో తను పనిచేసే గోవా వాళ్ళింట్లో యజమాని తండ్రి ఆయన. మడగావ్‌లో నలభై ఏళ్ళు పిల్లలకు చరిత్ర పాఠం చెప్పి, ఇప్పుడు చక్రాల కుర్చీలో కూర్చుని, వినేవాళ్ళు లేక పనిమనిషికి చెబుతున్నాడు. కాళ్ళకు నూనె రాస్తుంటే మొదలుపెడతాడు, సున్ ఇన్నాస్, అని. ఆయన హిందీలో సగం కొంకణి, తన హిందీలో సగం కడప, అయినా కథకు భాష అడ్డం వస్తుందా. ఆరువందల ఏళ్ళ కిందట రోములో కార్డినాళ్ళు, అంటే పాపును ఎన్నుకునే పెద్ద గురువులు, ఒక పాపుగారిని ఎన్నుకున్నారట. కొన్ని నెలలు పోయాక, అబ్బే, అప్పుడు బయట జనం కేకలకు భయపడి ఎన్నుకున్నాం, అది చెల్లదు అని, అదే చేతులతో ఇంకొకాయన్ని ఎన్నుకున్నారట. ఒకాయన రోములో, ఇంకొకాయన అవిన్యోనులో. ఎన్నుకున్న చేతుల్లో పేద్రో ద లూనా చేయి కూడా ఉంది. తర్వాత అవిన్యోను పీఠం ఆయనకే వచ్చింది, పదమూడో బెనెడిక్టు అని పేరు పెట్టుకున్నాడు. చీలిక పోవడానికి అవసరమైతే దిగిపోతానని ముందే ఒట్టు పెట్టాడట. ఎక్కాక ఎవరు దిగుతారు చెప్పు, అని పెద్దసారు పొట్ట కదిలేలా నవ్వుతాడు. ఇన్నాసమ్మ నవ్వదు. ఆ లూనా అంటే ఆమెకు మొదటి రోజు నుంచే ఇష్టం. అందరూ తప్పంటున్న మనిషి మీద ఆమెకెప్పుడూ జాలే.

పీఠం అంటే తనకేం బంగారు కుర్చీనా. తొమ్మిదిమంది కడప ఆడవాళ్ళు, తొమ్మిది ఇళ్ళలో అంట్లు తోమేవాళ్ళు, శుక్రవారం రెండు గంటలు మల్లీశ్వరి గదిలో చాప వేసుకుని జపమాల చెప్పుకుంటారు. ఆ జపం చెప్పించేది గురవమ్మ. పాస్‌పోర్టులో గురవమ్మ, జ్ఞానస్నానం పేరు తెరేజమ్మ, నోటికి మాత్రం అందరికీ అక్క. స్వరూపం ఆమె దగ్గరే ఉండేది, ఎవరికి జ్వరమొచ్చినా ఎవరి ఇంట్లో చావు కబురొచ్చినా ఆమె చెప్పిన మాటే మాట. ఆమె సెలవు మీద రెండు నెలలకని ఊరికి పోయి, మూడు, నాలుగు, ఐదు నెలలైనా రాలేదు. ఆరు నెలలు దాటితే వీసా చచ్చినట్టే, ఇక్కడ ఈ సంగతి పసిపిల్లకు కూడా తెలుసు. ఆరో నెల నిండిన శుక్రవారం అందరూ కూర్చుని, మనిషి పోయినట్టే ఏడ్చారు. అక్కకు ఇంక ఒమాన్ రాసిపెట్టలేదు అన్నారు. ఏడుపు అయ్యాక కళ్ళు తుడుచుకుని, అక్క వదిలి వెళ్ళిన స్వరూపాన్ని ఇన్నాసమ్మ చేతిలో పెట్టి జపం చెప్పించమన్నారు. ఊరికి ఫోన్ చేసి ఒక్క మాట అడుగుదామని ఒక్కరికీ తోచలేదు. వీసా చచ్చాక మనిషిని అడిగేదేముంది. ఏడో నెలలో గురవమ్మ కొత్త వీసాతో దిగింది, అల్ అమెరాత్‌లో వేరే ఇంటికి. వస్తూ అందరికీ తలా ఒక నిమ్మకాయ ఊరగాయ పొట్లం తెచ్చింది. చాప మీద తన చోట ఇన్నాసమ్మ ఉంది.

లేచి ఉండాల్సింది. ఆ ఒక్క క్షణంలో లేచి, రాక్కా కూర్చో అని ఉంటే, ఇవాళ ఈ ఇనప కుర్చీ ఉండేది కాదు. కానీ అప్పటికి నెల రోజుల రుచి తెలిసిపోయింది. వారమంతా, ఇన్నాస్ నీళ్ళు తే, ఇన్నాస్ బాత్రూం కడుగు, ఇన్నాస్ ఎక్కడ చచ్చావు. శుక్రవారం రెండు గంటలు మాత్రం తను ఒక సగం చెబితే ఏడుగురు రెండో సగం పలుకుతారు. మంగళవార్త జపంలో గొప్పతనమే అది, ఒక్కరు చెప్పేది కాదు, చెప్పించే మనిషి ఒక సగం చెప్పి ఆగితే మిగతా సగం అందరి నోటా వస్తుంది. తను ఆగితే ఒకరు బదులు పలకడం అనేది ఇన్నాసమ్మ బతుకులో అంతకుముందు జరగలేదు. అందుకని లేవలేదు. నన్ను పద్ధతి ప్రకారమే పెట్టినారక్కా అంది. సరేలే అంది గురవమ్మ, ఊరగాయ పొట్లాలు చాప మీద పెట్టి వెళ్ళిపోయింది. ఇద్దరు ఆమె వెంట పోయారు, నలుగురు ఇన్నాసమ్మ దగ్గర ఉన్నారు, మల్లీశ్వరి ఒక శుక్రవారం ఇక్కడ, ఒక శుక్రవారం అల్ అమెరాత్‌లో. గుంపులో మల్లీశ్వరి లాంటిది ఒకతి లేకపోతే కబుర్లు ఎవరు మోస్తారు. ఆ తర్వాత పెద్ద చర్చిలో క్రిస్మస్ పూజ దగ్గర గురవమ్మ ఎదురొచ్చి, మొహంలోకి చూసి, పలకరించకుండా పక్కనుంచి పోయింది. ఆ రాత్రి ఇన్నాసమ్మ అన్నం తినలేదు. పొగరు నెత్తికెక్కింది ఈమెకు అనుకుంది. ఎవరి నెత్తికి ఏమెక్కిందో మరి.

అట్లా పీఠం దిగకుండా కూర్చోవడానికి లూనా దగ్గర బ్రహ్మాండమైన లెక్క ఉండేదట. నువ్వు దిగు, మేం అందరం కలిసి కొత్తాయన్ని ఎన్నుకుంటాం అని రాజులూ బిషప్పులూ వచ్చి కూర్చుంటే, ఎనభై ఏడేళ్ళ ముసలాయన ఏడు గంటలు నిలబడి మాట్లాడాడట. మీలో ప్రతి కార్డినాలూ చీలిక వచ్చాక అయినవాడే, ఎవరిది నిజమో ఎవరికీ తెలియదు, చీలిక రాకముందే కార్డినాలు అయినవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే మిగిలాను, కాబట్టి పాపుగారిని ఎన్నుకునే హక్కు నా ఒక్కడిదే, నేను నన్నే ఎన్నుకుంటాను అన్నాడట. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. పెద్దసారు ఇది చెప్పి దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఇన్నాసమ్మకు మాత్రం ఆ మాటలో ఎక్కడా తప్పు కనిపించలేదు. నిజమే కదా, ఆయన చెప్పింది. నిజం చెప్పినవాడి పక్కన చివరికి ఎవరూ మిగలకపోవడం ఏమిటని మాత్రం ఆ రోజంతా చపాతీలు ఒత్తుతూ ఆలోచించింది.

చాయ్ మార్చమంటావా చేచీ, అని రషీద్ తన మలయాళంలో అక్కా అని పిలిచి అడిగాడు. వద్దంది. ఎర్ర చున్నీ సర్దుకుంది. దూరం నుంచి కనిపించాలనే వేసుకుంది, పోయినసారీ ఇదే. మొదటిసారి మాత్రం షాపు లోపల అద్దం వెనక కూర్చుంది, ముందే వచ్చి నిలబడితే లోకువవుతానని. గురవమ్మ షెల్టరు దగ్గర దిగి, ఇటూ అటూ చూసి, అద్దం వైపు తేరిపార చూసి, ఇరవై నిమిషాలుండి టాక్సీ ఎక్కేసింది. సరే, అద్దం మీద ఎండ పడి కనిపించలేదేమో. రెండోసారి ఇన్నాసమ్మ బయటే కూర్చుంది, ఇదే కుర్చీలో, ఇదే ఎర్ర చున్నీతో. మధ్యలో రోడ్డు తప్ప ఏమీ లేదు. గురవమ్మ అవతల బెంచీ మీద కూర్చుని తిన్నగా తనవైపే చూసింది, అరగంట. ఇన్నాసమ్మ చేయి సగం లేపింది కూడా. ఆమె కదలలేదు, నవ్వలేదు. లేచి రావే తల్లీ, నాకంటే పెద్దదానివి, నువ్వొక్క అడుగు వేస్తే నేను పది వేస్తాను అని లోపల మొత్తుకుంది ఇన్నాసమ్మ. నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు. ఫోన్లో నెంబరుంది, నొక్కడానికి వేలు రాలేదు. ఇంటికొచ్చి పెద్దసారుకు చెబితే ఆయన ఈసారి నవ్వలేదు. లూనా, రోము పాపు కూడా అట్లాగే కలుద్దామని బయలుదేరారు ఇన్నాస్, అన్నాడు. ఇద్దరి మధ్యా ఒక రోజు ప్రయాణం మిగిలింది. లూనా ఓడ దిగనన్నాడు, రోము ఆయన సముద్రం దాపుకు రానన్నాడు. అంతే, ఇంకో పదేళ్ళు పోయాయి.

చివరికి చేరుకున్న కోటలో ఆ ముసలి లూనా ఏం చేసేవాడో. సముద్రంలోకి పొడుచుకుపోయిన రాతి గుట్ట మీద కోట అట. ఇన్నాసమ్మ చూసిన అలాంటి కోట మత్రా రేవులో ఉన్నదొక్కటే, అందుకని ఆమె ఊహలో లూనా ఎప్పుడూ మత్రా కోట బురుజు మీద నిలబడి కింద చేపల పడవలను చూస్తుంటాడు. గడ్డం తెల్లగా, పెద్దసారులాగే కాళ్ళకు వాపు. భోంచేశాక తీపి తినే అలవాటట. ఎవరో ఆ మిఠాయిలో విషం కలిపితే మూలికలు తాగి బతికాడట. ఆయనకు విషమున్నదైనా పెట్టారు, మా కోడలు మంచి మిఠాయి కూడా పెట్టదు అని సుగరున్న పెద్దసారు ఏడుపు మొహం పెడితే, ఇన్నాసమ్మ గోటితో గిల్లినంత ఒమానీ హల్వా ఆయన నోట్లో పెట్టింది. అందరూ వదిలేశాక లూనా అన్నాడట, ఒకప్పుడు లోకమంతా నోవా ఓడలో ఉన్నట్టు ఇప్పుడు నిజమైన తిరుసభ, క్రీస్తు సంఘమంతా, ఈ రాతి మీదే ఉంది అని. ఎంత ధైర్యం సామీ, ఆ మాట అనడానికి. తొంభై నాలుగేళ్ళు బతికి, చివరి ఊపిరి దాకా నేనే పాపునని, ఆ బండ మీదే పోయాడు. పొద్దున్నే ఆయన జపం మొదలుపెట్టి ఒక సగం చెప్పి ఆగితే, ఆ రాళ్ళలో రెండో సగం ఎవరు పలికి ఉంటారు. ఒక వంటవాడా, ఒక గుర్రాలవాడా. అంతలేసి మనిషికి.

ఓడ అంటే ఇన్నాసమ్మకు గుర్తొచ్చేది ఒమాన్‌ను ముంచిన గోను తుపానే. అప్పుడు తనూ గురవమ్మా ఖురుమ్‌లో ఒకే ఇంట్లో పని. తను దేశానికి కొత్త, మిక్సీ తిప్పడం కూడా రాదు, ప్రతి పనీ అక్కే చేయి పట్టుకుని నేర్పింది, మామా, అంటే ఇంటి యజమానురాలు, తిడితే తప్పు నాది అని అక్కే ముందుకొచ్చేది. నీళ్ళు గేటు దాటి, హాలు దాటి, మోకాళ్ళ మీదికి వచ్చినప్పుడు గురవమ్మ పెట్టె తీసుకోలేదు, పాస్‌పోర్టు తీసుకోలేదు, స్వరూపం నెత్తిన పెట్టుకుని రెండో చేత్తో ఇన్నాసమ్మ రెక్క పట్టుకుని మెట్లెక్కింది. మలుపులో రెయిలింగు తగిలి మరియమ్మ చిటికెన వేలు విరిగింది. మేడ మీద గదిలో రెండు రాత్రులు, కరెంటు లేదు, కింద ఫ్రిజ్ తేలుతూ గోడలకు కొట్టుకుంటున్న చప్పుడు. భయపడాకు మే, నేను మొదటి సగం చెప్తా, నువ్వు పలుకుతా ఉండు, నిద్దర పట్టేదాకా అంది. ఎన్ని జపమాలలు చెప్పారో లెక్క లేదు. ఆ గొంతు ఆగితే నీళ్ళు పైకి వస్తాయని ఇన్నాసమ్మ గట్టిగా నమ్మింది. ఈ ఏడాదిగా నలుగురు గొంతెత్తి బదులు పలుకుతున్నా, ఆ గుంపులో వెతుక్కునేది ఆ ఒక్క గొంతునే. లేని గొంతును ఎంతసేపు వెతుకుతుంది. పొద్దున బయలుదేరుతుంటే పెద్దసారు పిలిచి, లూనాలో నాకు నచ్చేది ఆ మొండితనమే ఇన్నాస్, నచ్చనిది కూడా అదే, ఈసారి నువ్వు ఓడ దిగు అన్నాడు. దిగుతాలే సార్ అని అనేసింది. అనడానికేం, నోరు.

టాక్సీ ఆగింది. గురవమ్మే. బక్కచిక్కిపోయింది అక్క, తల సగం నెరిసింది. ఇన్నాసమ్మ స్వరూపాన్ని రెండు చేతులా పట్టుకుంది, చూడు, ఇటు చూడు, ఈసారి చేయి పూర్తిగా లేపుతాను, నువ్వు తల ఊపు చాలు. గురవమ్మ టాక్సీ తలుపు వదల్లేదు. చెప్పు కాలితో కింద తడుముతోంది, గట్టు ఎక్కడుందో చూసుకుంటున్నట్టు. డ్రైవరు దిగివచ్చి చేయి అందించాడు. షెల్టరులో ఎవరో నర్సు నిలబడి ఉంది, శ్రీలంక అమ్మాయో ఏమో, భుజం మీద ఎర్రటి శాలువా. గురవమ్మ తిన్నగా ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళింది. మొహం విప్పార నవ్వింది, ఏడాది కిందటి నవ్వే, ఊరగాయ పొట్లాలు తెచ్చిననాటి నవ్వు. రెండు చేతులా ఆ అమ్మాయి మోచేతులు పట్టుకుంది. పెదాలు కదిలాయి. రోడ్డు ఇవతలికి మాట వినపడదు, కానీ ఆ పెదాలు ఏ పేరు పలికాయో ఇన్నాసమ్మకు తెలిసింది. నర్సు కాదన్నట్టు తల ఊపి, మెల్లగా చేతులు విడిపించుకుంది. గురవమ్మ నవ్వు అలాగే ఉండిపోయింది కాసేపు, ఎవరికి ఇవ్వాలో తెలియక.

క్రిస్మస్ పూజ. అద్దం. అరగంట. తిన్నగా తనవైపే చూసిన కళ్ళు. ఓరి దేవుడా, అక్కకు కనిపించడం లేదు. ఇన్నాసమ్మ ఎప్పుడు లేచిందో, గ్లాసు ఎప్పుడు పడిందో ఆమెకు తెలియదు. రోడ్డు మధ్యలో ఒక కారు కీచుమని ఆగి హారను కొట్టింది, రషీద్ వెనకనుంచి చేచీ అని అరిచాడు, చున్నీ జారి ఒక చివర కింద ఈడుస్తోంది, స్వరూపం మాత్రం ఛాతీకి అదుముకుని ఉంది.

"అక్కా."

గురవమ్మ గొంతు వచ్చిన వైపుకు తిరిగింది. చూపు ఇన్నాసమ్మ చెవి పక్కన ఎక్కడో ఆగింది. "ఎవురు? ఇన్నాసీ? నువ్వేనా మే?"

"నేనే అక్కా. నీ కండ్లకేమాయ?"

"పొరలంట. రెండిట్లోనూ. సమచ్చరం నుంచి మసకే. చెప్తే పనిలో ఎవురుంచుకుంటారని గమ్మునుంటి. మొన్న మసిలే పాలు కాలి మీద పోసుకుంటి, దాంతో తెలిసిపాయ." తడుముకుంటూ బెంచీ మీద కూర్చుంది. "పోన్లే, ఈ తూరన్నా వచ్చినావు. రెండు తూర్లు వచ్చినా మే నేను. కూచుని కూచుని పోతి. పాపం ఆ పెద్దాయన్ని ఇడిసిపెట్టి యాడొస్తాదిలే అనుకుంటి."

ఔనక్కా, పని, అంటే సరిపోయేది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. ఆ మాట అంటే గురవమ్మ నమ్మేది, ఆదివారం విమానమెక్కి, ఇన్నాసమ్మ మంచిదని ఊళ్ళో చెప్పుకునేది. లోపల ఏడు గంటల ఉపన్యాసం కూడా సిద్ధంగానే ఉంది, ఆరు నెలలు, వీసా, పద్ధతి. ఇన్నాసమ్మ బెంచీ ముందు నేల మీద కూర్చుంది.

"వచ్చినా అక్కా. రెండు తూర్లూ వచ్చినా. ఆ ఎదురంగడి కాడ కూచోని నిన్నే చూస్తా ఉంటి. నువ్వే లేసి రావాలని చూసినా."

ఒక బస్సు ఆగి, ఇద్దరు దిగి, వెళ్ళిపోయింది.

"మరి పిలవకపోతివే," అంది చివరికి. కోపంగా కాదు, నిజంగానే అడుగుతున్నట్టు అడిగింది. "నోరుండాది గదా నీకు. అంతమంది చేత జపం చెప్పించే నోరు."

ఇన్నాసమ్మకు ఏడుపు ఆగలేదు. తువ్వాలు విప్పి స్వరూపాన్ని ఆమె ఒళ్ళో పెట్టింది. గురవమ్మ వేళ్ళు మరియమ్మ మొహం మీదుగా, మెడ మీదుగా, చేతుల మీదుగా పోయి, విరిగిన చిటికెన వేలి దగ్గర ఆగాయి. "మా తల్లి," అంది. "ఆ పొద్దు మెట్లకాడ తగిలింది గదా." కాసేపు ఆ మొండి వేలినే నిమిరి, స్వరూపాన్ని తిరిగి ఇన్నాసమ్మ చేతుల్లో పెట్టింది.

"నీదక్కా ఇది. ఈ పొద్దు నువ్వే చెప్పించాల. మల్లీశ్వరి గదిలో అందరూ కాసుకోనుండారు. మీ వాళ్ళు గూడా వచ్చినారంట."

"నేను పోయేదాన్ని మే, నాకెందుకు. ఇంటి కాడ ఒక్కదాన్నే చెప్పుకుంటా ఉంటే వరస మరుపొస్తాంది. నువ్వు చెప్పు, నేను పలుకుతా." లేచి, చేయి చాచి ఇన్నాసమ్మ మోచేయి వెతికి పట్టుకుంది. గోను నాడు పట్టుకున్న చోటే పట్టుకుంది.

సందులో నడుస్తున్నారు. ఎండ గోడల మీదికి ఎక్కింది, ఎవరింట్లోనో సాంబ్రాణి వేస్తున్నారు. గట్టు వచ్చిన చోటల్లా ఇన్నాసమ్మ, కాలెత్తక్కా, అంటోంది. అక్క కాలెత్తుతోంది. రాత్రికి పెద్దసారు కాళ్ళకు నూనె రాస్తూ ఇది చెప్పాలి. దిగాను సార్ అనాలి. ఆ ముసలాయన కోట తలుపు తెరుచుకుని ఒక్కసారి బయటికి వచ్చి ఉంటే, అవతలి ఆయన కళ్ళకు ఏమైందో చూసి ఉండేవాడేమో. మల్లీశ్వరి గది ఇంకా రెండు మలుపుల దూరంలో ఉంది. అక్కడిదాకా ఆగబుద్ధి కాలేదు ఇన్నాసమ్మకు. గొంతు సవరించుకుని, నడిచే దారిలోనే మంగళవార్త జపం మొదలుపెట్టింది. సగం చెప్పి ఆగింది.

రెండో సగం పక్కనుంచే వచ్చింది.